ఎడమ పక్క మీటరు

బత్తలపల్లె సంత ముగించుకుని ఇంటికి మళ్ళిన అంబాసిడర్ కారు ఊరు దాటి కాస్త దూరం పోయిందో లేదో, బానెట్ సందుల్లోంచి తెల్లగా ఆవిరి కక్కడం మొదలుపెట్టింది. తిప్పయ్య అది దుమ్మనుకున్నాడు. అనంతపురం దిక్కు ఎండాకాలంలో రోడ్డు మీద లేచేదంతా దుమ్మే కాబట్టి ఆయన్ను తప్పుపట్టడానికి లేదు. వెనక వస్తున్న టెంపో వాడు హారన్ మోగించి మోగించి, చివరికి పక్కకొచ్చి తల బయటపెట్టాడు.

"ఏమప్పా, దాంట్లో అన్నం వండుతాండావా? పొగ కనపడలేదా నీకు?"

అప్పుడు గానీ తిప్పయ్య బండి ఆపలేదు. బానెట్ ఎత్తితే వేడి మొహాన కొట్టింది. రేడియేటర్ మూత చుట్టూ నీళ్ళు బుసబుసమంటున్నాయి. ఆయన తలగుడ్డతో మొహం తుడుచుకుంటూ అలవాటుగా ఎడమ పక్క సీటు వైపు తిరిగి, "రవ్వంత ముందు చెప్పొద్దా?" అన్నాడు. సీట్లో మడతపెట్టిన కంబళ్ళు తప్ప ఎవరూ లేరు. మాట నోట్లోంచి వచ్చేసింది గదా, ఎవరైనా విన్నారేమోనని రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. వినడానికి కూడా ఎవరూ లేరు.

సిద్దమ్మ ఉన్నన్నాళ్ళూ ఈ బండి ఒక్కసారీ పొంగలేదు. డాష్‌బోర్డులో బండితో పాటు వచ్చిన వేడి మీటరు ఏనాడో చచ్చిపోయింది. దాని బదులు సిద్దమ్మ ఉండేది. సీట్లో కూర్చోగానే చెప్పులు విప్పి, వట్టి పాదాలు ఇంజన్ వైపు రేకుకు ఆనించేది. ఆ రేకు ఎంత కాలితే లోపల ఇంజన్ అంత కాగినట్టు లెక్క. "కాగింది, నిలుపు" అనేది. తిప్పయ్య మారుమాట లేకుండా నిలిపేవాడు. మనుషులు చెబితే వినే గుణం ఆయనకు పెద్దగా లేదు గానీ, ఇంజన్ సంగతంటే వినేవాడు. "మీటర్లూ గీటర్లూ మాకెందుకప్పా, మా సిద్దమ్మ కాలుండాది చాలు" అని సంతల్లో నలుగురి ముందు గొప్పగా చెప్పేవాడు. పెళ్ళాన్ని ఆయన పొగిడిన పొగడ్త అదొక్కటే. ఆమె కూడా పక్కనే కంబళ్ళు దులుపుతూ నవ్వి ఊరుకునేది. మొన్న చలికాలం చివర్లో సిద్దమ్మ పోయింది.

టెంపో వాడే పోతూపోతూ కబురు చెప్పినట్టున్నాడు, పొద్దు వాలేలోపు మెకానిక్ కుళ్ళాయప్ప స్కూటర్ మీద వచ్చాడు. చల్లారిన ఇంజన్ చుట్టూ తిరిగి, పైపులు నొక్కి చూసి, నేల మీద ఉమ్మేశాడు.

"హెడ్డు వంకర పోలేదు, నీ అదృష్టం. ఈడ చూడు, హోస్ పైపు క్లిప్పు దగ్గర నీళ్ళు ఊరతాండాయి. రేడియేటర్‌లో నీళ్ళు చూసి ఎన్నాళ్ళాయె అన్నా?"

"ముందంతా దారిలో నిలిపినప్పుడల్లా పోసేవాణ్ణి. ఇప్పుడు నిలిపేది యాడుండాది? ఎక్కితే ఇంటి కాడే దిగేది."

"ఇంగొగసారి ఇట్ల కాగబెట్టినావంటే ఇంజన్ చేతికి రాదు. దీని సామాన్లు ఇప్పుడు యాడా దొరకవు. పాతినుము కింద తూకానికి వేసుకోవాల్సిందే. మీటరు బిగించుకో. చెప్పేదానికి ఆయమ్మ లేదు కదా ఇంగ."

కుళ్ళాయప్ప మొరటు మనిషి. ఆ మాట అన్నాక తనే తల దించుకుని పానాలు సంచిలో వేసుకున్నాడు. తిప్పయ్యకు కోపం రాలేదు. ఆయన ఆలోచనంతా తూకం మీదే ఉంది. బండి పోతే కంబళ్ళ మూటలు బస్సెక్కించి సంతలు తిరిగే ఓపిక ఈ వయసులో లేదు. పిల్లలు లేరు. సంతలు లేకపోతే మిగిలేది ఒక గది, ఒక పొయ్యి, పలకరించే మనిషి లేని సాయంత్రాలు. సిద్దమ్మ పోయినప్పటి నుంచి ఆ గదిలో ఆయనకు నిద్ర పట్టడం లేదు. కాస్తో కూస్తో ఊపిరాడేది ఈ బండిలోనే.

మర్నాడు గ్యారేజీలో కుళ్ళాయప్ప వివరంగా చెప్పాడు. మీటర్లు రెండు రకాలు. ఒకటి వైరుది, అది కరెంటుతో ఆడుతుంది. ఈ బండిలో వైర్లన్నీ ఎలుకలు రుచి చూసినవే కాబట్టి దాన్ని నమ్మేందుకు లేదు. రెండోది గొట్టానిది. ఒక చివర ఇత్తడి మొన ఇంజన్ నీళ్ళల్లో మునిగి ఉంటుంది, అక్కణ్ణుంచి సన్నటి రాగి గొట్టం, ఈ చివర ముల్లు.

"గొట్టానిదే మేలన్నా. అయితే ఒగటి. ఆ గొట్టం కోసేదానికీ లేదు, అతికేదానికీ లేదు. లోపల మందు పోసి మూసింటారు. అది కారిందంటే ముల్లు చచ్చె. పొడవు సరిగ్గా చూసుకుని తేవాల."

టేపు కోసం కుళ్ళాయప్ప డబ్బాలో వెతుకుతుంటే తిప్పయ్య ఆగలేదు. కంబళ్ళ మూటకు కట్టిన నల్ల ఉన్ని దారం విప్పాడు. ఒక చివర ఇంజన్ హెడ్డు దగ్గర కుళ్ళాయప్ప చేతికిచ్చి పట్టుకోమన్నాడు. అక్కణ్ణుంచి ఇంజన్‌కూ సీట్లకూ నడుమనున్న రేకు గోడకు ఎడమ వైపున్న రంధ్రంలోంచి లోపలికి లాగి, డాష్‌బోర్డు కిందుగా తన స్టీరింగ్ దాకా తెచ్చాడు. ఎక్కడా వదులు ఉండకూడదని గట్టిగా బిగలాగి, పంటితో కొరికి తెంపాడు. బతుకంతా ఉన్నితో గడిపిన మనిషి. లాగితే ఉన్ని దారం ఎంత సాగుతుందో ఆయనకు తెలిసినట్టు ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు మాత్రం ఆ సంగతి ఆయన తలకెక్కలేదు.

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గరి స్పేర్ పార్టుల అంగట్లో కౌంటర్ దగ్గరున్న అమ్మాయి గాజుబల్ల మీద వరసగా మీటర్లు పెట్టింది.

"ఇది చూడు పెద్దాయనా, ఎర్రగా అంకెలు పడతాయి. చదువుకుంటే చాలు."

"అంకెలు నేనేం చేసుకునేది? కాగిందా, కాగలేదా, అంతే నాకు కావాల్సింది."

"అయితే ఇది తీసుకో. ఇంజన్ కాగిందంటే అదే అరుస్తాది."

తిప్పయ్య దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు పట్టుకున్నాడు.

"ఏమని అరుస్తాది?"

అమ్మాయి నవ్వింది. "కుయ్, కుయ్ అని."

"వద్దులేమ్మా" అని దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

చివరికి ముల్లున్నదాన్నే ఎంచుకున్నాడు. తెల్లటి మొహం మీద మొదట పచ్చ గీత, తర్వాత పసుపు, చివర ఎరుపు. గొట్టం చుట్టూ దెబ్బ తగలకుండా సన్నటి స్ప్రింగు చుట్టి ఉంది. గొట్టాలు రెండు పొడవుల్లో ఉన్నాయి. తిప్పయ్య జేబులోంచి ఉన్ని దారం తీసి బల్ల మీద పరిచాడు. అది పొట్టిదాని చివరకు కరెక్టుగా వచ్చి ఆగింది.

"పొడుగుదే తీసుకో పెద్దాయనా. మిగిలితే చుట్టి పెట్టుకోవచ్చు" అంది అమ్మాయి.

"మిగిలేదెందుకు? సరిగ్గా సరిపోయింది చూడు" అన్నాడు తిప్పయ్య, తన కొలతకు తనే మురిసిపోతూ.

బిగించే ముందు కుళ్ళాయప్ప దాన్ని పక్కనున్న టీ బంకుకు తీసుకుపోయి, మరుగుతున్న నీళ్ళగిన్నెలో మొన ముంచాడు. ముల్లు కాసేపు కదలకుండా నిలబడి, తర్వాత మెల్లగా పచ్చ దాటి, పసుపు దాటి ఎరుపులోకి పోయి నిలిచింది. బయటికి తీస్తే అంతే మెల్లగా వెనక్కి వచ్చింది. తిప్పయ్య ఊపిరి బిగబట్టి చూశాడు.

"సరిగ్గా ఉండాది. ఇది అబద్ధం చెప్పదు" అన్నాడు కుళ్ళాయప్ప.

హెడ్డులో తుప్పుపట్టిన పాత మరను ఊడదీయడానికే ఆ పూటంతా పట్టింది. కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో మెల్లగా తట్టి, పానా వేసి ఇద్దరూ కలిసి తిప్పితే చివరికి కిర్రుమని కదిలింది. ఆ తావులో ఇత్తడి మొనకు తెల్ల టేపు చుట్టి బిగించారు. నీళ్ళు ఊరుతున్న క్లిప్పు మార్చారు. రాగి గొట్టం ఎక్కడా నొక్కుపడకుండా, సైలెన్సర్ వేడి తగలకుండా, కుళ్ళాయప్ప దాన్ని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని గోడ రంధ్రంలోంచి లోపలికి పంపాడు. లోపల తిప్పయ్య అందుకుని స్టీరింగ్ వైపు లాగాడు. మీటరు సగం దారిలో ఆగిపోయింది.

"రాదే?"

"లాగొద్దు, లాగొద్దు! యాడన్నా మెలిపడిందేమో" అంటూ కుళ్ళాయప్ప వచ్చి చూశాడు. మెలి లేదు. గొట్టమే అయిపోయింది. "ఏందన్నా ఇది? కొలిచింది నువ్వే కదా?"

తిప్పయ్య జేబులోంచి దారం తీశాడు. రెండు చేతులతో బిగలాగాడు, వదిలాడు. మళ్ళీ లాగాడు, వదిలాడు. దారం సాగింది, కుంచించుకుంది. కుళ్ళాయప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు. "కంబళ్ళోనివి నువ్వు! ఇంగెవరికన్నా చెబితే నమ్ముతారా?" అని, తిప్పయ్య మొహం చూసి ఆపేశాడు. "పోనీలే. రేపు పోయి పొడుగుది మార్చుకుని రా."

"రేపు మడకశిర సంత. పోయిన వారమూ పోలేదు."

తిప్పయ్య ఎడమ పక్క తలుపు తీసుకుని, సిద్దమ్మ సీట్లో కూర్చున్నాడు. తన బండిలో ఆయన ఆ సీట్లో ఎన్నడూ కూర్చోలేదు. అక్కడి నుంచి స్టీరింగ్ చాలా దూరంగా కనిపించింది. మీటరును ఎదురుగా డాష్‌బోర్డు కింద ఆనించి చూశాడు. చక్కగా అందింది.

"ఈ పక్కనే బిగించు."

"ఈడ పెడితే నీకేం కనపడతాది? పక్కన కూర్చున్నోళ్ళకు కనపడతాది గానీ."

"వంగి చూసుకుంటా లే. బిగించు."

కుళ్ళాయప్ప రెండు మరలు వేసి బిగించాడు.

మర్నాడు తెల్లవారగానే తిప్పయ్య మడకశిర దారి పట్టాడు. కాసేపటికోసారి ఎడమకు వంగి ముల్లు చూశాడు. అట్లా వంగినప్పుడల్లా ఎవరితోనో మాట చెప్పబోతున్నట్టు అనిపించి మళ్ళీ నిటారుగా కూర్చున్నాడు. వేరుశనగ విత్తడానికి దున్ని పెట్టిన ఎర్రనేలలు వాన లేక అట్లాగే పడి ఉన్నాయి. పెనుకొండ దాటింది. ముల్లు పచ్చ గీత నడుమ కదలకుండా నిలబడింది. కొత్త మీటరు కొన్నందుకు తృప్తిగానే ఉంది గానీ, అసలు పరీక్ష ముందుంది. నల్లగుండు మలుపు దగ్గర ఎగువ, నిలువెత్తు ఎక్కుడు దారి. ఎండాకాలమైనా, ముసురు పట్టినా, ఆ మలుపు దగ్గర ఇంజన్ కాగాల్సిందే. అక్కడ సిద్దమ్మ "నిలుపు" అనని సంత లేదు.

ఎగువ మొదలైంది. తిప్పయ్య గేరు తగ్గించి వంగి చూశాడు. పచ్చ. సగం ఎక్కాక చూశాడు. పచ్చే. ఏనుగంత నల్లగుండు ఎదురుగా వచ్చింది. ముల్లు ఒక గీత కూడా జరగలేదు.

అయినా బండి ఆపాడు. ఇంజన్ ఆడుతుండగానే దిగి బానెట్ ఎత్తి, రేడియేటర్ మీద అరచెయ్యి పెట్టాడు. వెచ్చగా ఉంది, అంతే. గుడ్డ వేసి మూత మెల్లగా తిప్పాడు. ఆవిరి లేదు. నీళ్ళు గొంతు దాకా ఉన్నాయి. మీటరు చెడిందేమో అనుకోవడానికి వీల్లేదు. మరిగే నీళ్ళలో ముల్లు ఎరుపుకు పోవడం తన కళ్ళతో చూశాడు. చెయ్యి కూడా ముల్లు చెప్పిన మాటే చెబుతోంది.

మూత చేత్తో పట్టుకుని నిలబడ్డాడు తిప్పయ్య. ఇన్నేళ్ళలో ఈ చోట మూత తీసినప్పుడు ఎన్నడైనా ఆవిరి ఎగజిమ్మిందా? లేదు. చెంబెడు నీళ్ళు పోసేలోపు నిండి కిందికి కారిపోయేది. కాగకముందే కనిపెడుతుంది, ఏం కాలప్పా అది, అనుకునేవాడు. అంతకు మించి ఆలోచించాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు.

గుండుకు ఎదురుగా రేకుల కొట్టంలో టీ కాసే పెద్దక్క బయటికొచ్చింది. ఆ దారిలో పోయే డ్రైవర్లందరికీ తెలిసిన ముసలామె.

"ఏమప్పా, చానా దినాలాయె. ఒక్కనివే వచ్చినావు? ఆయమ్మ యాడ?"

"పాయె, పెద్దక్కా. చలికాలంలో."

పెద్దక్క చేతిలోని గరిటె పక్కన పెట్టి, బండ మీద కూర్చుంది. "ఏమాయె?"

"కిడ్నీలు. పెద్దాసుపత్రికి తీసకపోయినా. లాభం లేకపాయె."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అదే అనుకుంటి నేను."

"ఏమనుకుంటివి?"

"నువ్వు బండి నిలిపి, ఇంజన్‌లో తల పెడతాంటివి. ఆయమ్మ ఆ గుండు చాటుకు పోయొచ్చేది. వచ్చి ఈడ కూర్చుని మంట, మంట అని ఏడ్చేది. నీళ్ళన్నా తాగు తల్లీ అంటే తాగేది కాదు. తాగితే మళ్ళా నిలపమనాల, దినానికి ఎన్నిసార్లు ఇంజన్ కాగిందని చెప్పేదక్కా, అనేది."

తిప్పయ్య బానెట్ అంచు పట్టుకున్నాడు.

"నాతో చెప్పొచ్చు కదా?"

"చెప్పిందంట కదప్పా. ముందెప్పుడో చెబితే, సంత తప్పిపోతాది, ఓర్చుకో అన్నావంట. ఇంజన్ కాగిందంటే మాత్రం జప్పున నిలుపుతాడక్కా, అని నవ్వేది."

ఆ మాట అన్నట్టు తిప్పయ్యకు గుర్తు లేదు. ఎంత తడుముకున్నా గుర్తు రాలేదు. అని మర్చిపోయాడంటే, ఆయనకు అది మాటే కాదన్నమాట. ఆసుపత్రిలో డాక్టరమ్మ, ఈమె నీళ్ళు సరిగ్గా తాగుతుందా, ఎప్పటి నుంచి ఈ బాధ, అని అడిగితే, "నాకేం చెప్పలేదమ్మా, బాగనే ఉంటాండె" అని జవాబిచ్చాడు. మంచం మీద సిద్దమ్మ కళ్ళు మూసుకుంది. అప్పుడు కూడా ఆమె నోరు విప్పలేదు. బండి డిక్కీలో రెండు క్యాన్ల నిండా నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఇంజన్‌కు ఎక్కడ దాహమేస్తుందోనని ఆయన పొద్దున్నే నింపి పెట్టేవాడు.

పెద్దక్క టీ ఇచ్చింది. ఆయన తాగలేకపోయాడు. గ్లాసు బండ మీద పెట్టి, బండెక్కి, సంతకు పోయాడు.

సంతలో గొర్రెల కాపరులు వచ్చి కంబళ్ళు విప్పి చూసి, బేరమాడి పోయారు. కన్నడంలో అడిగినవాళ్ళకు తెలుగులో, తెలుగులో అడిగినవాళ్ళకు కన్నడంలో జవాబిచ్చాడు. పక్క అంగడి సోమప్ప, "ఏం తిప్పయ్యా, ఒంట్లో బాగలేదా?" అని రెండుసార్లు అడిగాడు. ఎండ తగిలింది అన్నాడు తిప్పయ్య. సంతలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో, వాళ్ళు పొద్దున్నుంచి కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఎట్లా కూర్చున్నారో, ఆయన కళ్ళు అదే చూశాయి. పట్ట కింద కూర్చున్న గాజుల మల్లీశ్వరి పక్కన నీళ్ళసీసా ఉంది. మధ్యాహ్నం దాటినా అందులో నీళ్ళు తగ్గలేదు.

సంత సద్దుకునే వేళ ఆ మల్లీశ్వరే గాజుల పెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది. బత్తలపల్లె ఆమెది. సిద్దమ్మకు బాగా తెలిసిన మనిషి.

"తిప్పయ్యన్నా, బస్సు పాయె. నన్ను రవ్వంత మా ఊరి దాకా ఇడుస్తావా?"

"ఎక్కమ్మా" అని, ఎడమ సీట్లోని కంబళ్ళు తీసి వెనక్కి వేశాడు.

మల్లీశ్వరి పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కాసేపు సిద్దమ్మ గురించి మాట్లాడి, ఆయన ఊకొట్టకపోయేసరికి ఆపేసింది. ఎదురుగా ఉన్న మీటరును చూసి, "ఇదేమన్నా, గడియారమా?" అంది.

"ఇంజన్ కాగితే ముల్లు ఎరుపుకు పోతాది. పచ్చలో ఉంటే ఏం భయం లేదు."

"బాగుండాది" అంది ఆమె.

దారి సాగింది. ఆమె సీసా మూత తీసి పెదాలు తడుపుకుని మళ్ళీ మూసింది. కొంతదూరం పోయాక పెట్టెను ఒళ్ళోంచి పాదాల దగ్గరికి దించింది, మళ్ళీ ఒళ్ళోకి తెచ్చుకుంది. బండి గుంతలో పడినప్పుడల్లా పెదవి కొరుక్కుంది. ఎదురొచ్చే మైలురాళ్ళ వైపు చూసింది. తిప్పయ్య ఇవన్నీ చూశాడు. చూడటం ఇంత సులువా అని ఆయనకు అనిపించింది. తల కాస్త తిప్పితే చాలు, అన్నీ కనిపిస్తున్నాయి. ఇన్నేళ్ళు ఆ తల రోడ్డు మీదే ఉండిపోయింది.

రోడ్డుకు ఎడమగా ముళ్ళ జాలి చెట్లు గుబురుగా ఉన్న చోట బండి పక్కకు తీసి ఆపాడు.

"ఇంజన్ కాగిందమ్మా. రవ్వంత సేపు నిలపాల."

మల్లీశ్వరి తల వంచి మీటరు చూసింది. ముల్లు సరిగ్గా ఆమె ఎదురుగా, పచ్చ గీత నడుమ నిలబడి ఉంది.

"ఇది పచ్చలోనే ఉండాది కదన్నా?"

"ఆ మీటరు పని చేయదులేమ్మా" అన్నాడు తిప్పయ్య, ఆమె వైపు చూడకుండా. "నాకు నీళ్ళు పోసేసరికి చానా సేపు పడతాది. నువ్వట్ల కాళ్ళాడిచ్చుకుని రాపో."

దిగి బానెట్ ఎత్తి, దాని కింద తల దూర్చాడు. అవతల తలుపు తెరుచుకుంది. గాజుల పెట్టె సీట్లో పెట్టిన గలగల వినిపించింది. అడుగులు జాలి చెట్ల వైపు పోయాయి. తిప్పయ్య కాగని రేడియేటర్ మీద రెండు చేతులూ పెట్టి, సిద్దమ్మ పోయిన నాడు కూడా రాని ఏడుపు ఏడ్చాడు. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

ఆమె తిరిగొచ్చి తలుపు వేసుకున్నాక, తలగుడ్డతో మొహం శుభ్రంగా తుడుచుకుని బానెట్ దించాడు. వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. మల్లీశ్వరి ఆయన కళ్ళు చూసింది, మీటరు చూసింది.

"చల్లబడిందా అన్నా?"

"చల్లబడింది. అయినా దీన్ని నమ్మేదానికి లేదమ్మా. ఊరు చేరేలోపు ఇంగా రెండు మూడు తావుల్లో కాగుతాది. నువ్వు ఎప్పుడు నిలపమంటే అప్పుడు నిలుపుతా."

మల్లీశ్వరి సీసా మూత తీసి, తల వెనక్కి వాల్చి, నీళ్ళు అడుగంటే దాకా తాగింది.